అమ్మ ఫోన్‌లో పైనుంచి లాగితే వచ్చే బటన్లు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

గోదారిగట్టు
రెండు రోజులు అమ్మ ఫోన్ ఎత్తలేదు. మాది అమలాపురం దగ్గర పల్లె, నేనుండేది పుణెలో. ఆదివారం సాయంత్రం చేస్తే రింగవుతోంది, ఎత్తడం లేదు. గుడికి వెళ్లిందేమో అనుకున్నాను. సోమవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతూ చేశాను, అంతే. రాత్రి చేశాను, అంతే. నాన్న పోయాక ఒక్కర్తే ఉంటోంది, బీపీ ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మంగళవారం తెల్లారగానే ఎదురింటి పిన్నికి చేసి, వెళ్లి చూడమన్నాను. అమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోందట. "వాడే చెయ్యడం మానేశాడు, పనిలో ఉన్నాడేమోలే అని నేనూ కదపలేదు" అందట.

పిన్ని కూతురు ఫోన్ తీసి చూస్తే పైన చంద్రవంక గుర్తు. డు నాట్ డిస్టర్బ్, అంటే కాల్స్ మోగకుండా ఆపే బటన్, ఆన్‌లో ఉంది. కరెంటు పోతే టార్చి వేసుకోబోయి పక్కదాని మీద వేలు పడినట్టుంది.

నా ప్రశ్నలు రెండు. ఆ బటన్లలో అమ్మకి అక్కర్లేనివి తీసేయొచ్చా? తీసేశాక మళ్లీ ఎవరూ కదపకుండా తాళం లాంటిది వేయొచ్చా? ఆండ్రాయిడ్ ఫోనే. సంక్రాంతికి గానీ నేను ఊరు వెళ్లను.

వరంగల్_వాసు
తీసేయొచ్చు. పైనుంచి ఒకసారి కిందికి లాగితే సగం ప్యానెల్, ఇంకోసారి లాగితే మొత్తం వస్తుంది. చాలా ఫోన్లలో రెండు వేళ్లతో లాగితే ఒకేసారి మొత్తం తెరుచుకుంటుంది. అక్కడ ఏదో మూల పెన్సిల్ గుర్తు ఉంటుంది, లేదా మూడు చుక్కల్లో 'ఎడిట్' ఉంటుంది. అది నొక్కితే పైన వాడుతున్న బటన్లు, కింద పక్కన పెట్టినవి కనిపిస్తాయి. అక్కర్లేనిదాన్ని వేలితో పట్టుకుని కిందికి లాగేయండి. ఏదీ శాశ్వతంగా పోదు, కావాలంటే మళ్లీ పైకి లాక్కోవచ్చు. మొత్తం గందరగోళం అయితే అక్కడే 'రీసెట్' కూడా ఉంటుంది.

చిట్టిచీమ
"వాడే చెయ్యడం మానేశాడు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా నాన్నమ్మ కూడా అచ్చం ఇలాగే అనుకుంది. మా ఇంట్లో అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్ పడింది.

రిపేరు_రాజు
మొబైల్ రిపేరు షాపు నడుపుతున్నాను, 11 ఏళ్లయింది. పెద్దవాళ్లు "ఫోన్ పాడైంది బాబూ" అని తెస్తే స్క్రూ విప్పే ముందు పైనుంచి కిందికి లాగి చూస్తాను. సగం రోగాలు అక్కడే దొరుకుతాయి. ఫోన్లు రావట్లేదంటే ఎయిర్‌ప్లేన్ గానీ చంద్రవంక గానీ. నెట్ రావట్లేదంటే మొబైల్ డేటా ఆఫ్. వాట్సాప్ మెసేజ్‌లు ఆలస్యంగా వస్తున్నాయంటే బ్యాటరీ సేవర్. బొమ్మ అడ్డంగా తిరగట్లేదంటే ఆటో రొటేట్. స్క్రీన్ మసకగా ఉందంటే ఎక్స్‌ట్రా డిమ్. ఇలాంటి వాటికి నేను డబ్బులు తీసుకోను, ఒక్క నిమిషం పని.

డు నాట్ డిస్టర్బ్‌తో ఒక చిక్కుంది. అది ఆన్ అయినా మామూలుగా అలారం మోగుతుంది, యూట్యూబ్‌లో ప్రవచనం వినిపిస్తుంది. పొద్దున మాత్రల అలారం మోగింది కదా, ఫోన్ బాగానే ఉంది అనుకుంటారు. కాల్స్ మోగట్లేదన్న సంగతి వాళ్లకి వెంటనే తెలియదు.

గోదారిగట్టు
@రిపేరు_రాజు అక్షరాలా అదే జరిగింది. రోజూ ఎనిమిదింటికి బీపీ మాత్ర అలారం మోగుతూనే ఉందట. అందుకే అమ్మకి అనుమానం రాలేదు.

కడప_టీచరమ్మ
అందరూ తీసేయండి అంటున్నారు. నేను ఒప్పుకోను. పెద్దవాళ్ల ఫోన్‌లో ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే చివరికి వాళ్లకి మిగిలేది పచ్చ బటన్, ఎర్ర బటన్. మా అత్తగారికి 74. ముందు ఫోన్ భాషని తెలుగులోకి మార్చాను. మార్చగానే ఆ బటన్ల పేర్లన్నీ తెలుగులో వచ్చాయి. డు నాట్ డిస్టర్బ్ అని ఇంగ్లీషులో ఉన్నన్నాళ్లు ఆవిడకి అదొక బొమ్మ. 'అంతరాయం కలిగించవద్దు' అని చదవగానే "ఇది నొక్కితే ఎవరూ పలకరించరన్నమాట" అన్నారు. తర్వాత ఒక అట్ట మీద ఆ గుర్తులు గీసి, పక్కన ఏ పనికి ఏదో రాసి, ఫ్రిజ్ మీద అంటించాను. రెండు వారాలు పట్టింది. ఇప్పుడు నా ఫోన్‌లో నెట్ అయిపోతే ఆవిడే హాట్‌స్పాట్ ఆన్ చేసి ఇస్తారు.

వరంగల్_వాసు
మేడమ్, మీరు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి రెండు వారాలు పక్కన కూర్చుని నేర్పారు. ఆయన పుణెలో ఉన్నాడు.

కడప_టీచరమ్మ
పక్కన ఉండాలనే లేదు. వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ ఉంది, 2023 నుంచి. అమ్మగారి స్క్రీన్ మీకు కనిపిస్తుంది, వేలు ఎక్కడ పెట్టాలో చెబుతూ పోవచ్చు. కాకపోతే స్క్రీన్ షేర్ చేసినప్పుడు ఓటీపీలు, బ్యాంకు యాప్‌లు కూడా అవతలివాళ్లకి కనిపించే ప్రమాదం ఉంది. కొడుకుతో, కూతురితో తప్ప ఇంకెవరు అడిగినా చెయ్యకూడదని అదే రోజు గట్టిగా చెప్పండి. ఆ పేరుతో మోసాలు చాలా జరుగుతున్నాయి.

టెక్కలి_కుర్రాడు
ఎయిర్‌ప్లేన్ తీసేయమంటే మాత్రం మా ఊళ్లో కుదరదు. ఇంట్లో సిగ్నల్ ఒక గీత. నెట్ ఇరుక్కుపోయినప్పుడల్లా ఎయిర్‌ప్లేన్ ఆన్ చేసి పది సెకన్లాగి ఆఫ్ చేస్తే ఫోన్ మళ్లీ కొత్తగా టవర్‌ని పట్టుకుంటుంది, నెట్ వస్తుంది. రోజుకి ఐదారుసార్లు చేస్తాను. నాకది మొదటి వరుసలో ఉండాల్సిందే.

చిట్టిచీమ
@టెక్కలి_కుర్రాడు అది నీ ఫోన్ తమ్ముడూ, ఉంచుకో. ఇక్కడ మాట అమ్మ ఫోన్ గురించి.

టెక్కలి_కుర్రాడు
మా అమ్మ కూడా అదే చేస్తుంది అక్కా! నేనే నేర్పాను. అందుకే చెబుతున్నా, అందరికీ ఒకే లిస్టు పనికిరాదు. ఎవరు రోజూ ఏది వాడతారో చూసి పెట్టాలి.

నల్లకుంట_నాని
ఈ ప్యానెల్ చరిత్ర కొంచెం తెలిస్తే ఎందుకింత గజిబిజి అయిందో అర్థమవుతుంది. దీని పేరు క్విక్ సెట్టింగ్స్, ఆండ్రాయిడ్‌లో 4.2 వెర్షన్‌తో వచ్చింది, 2012లో. అప్పుడు గట్టిగా ఏడెనిమిది బటన్లు. 2016లో 7.0 నౌగాట్ వచ్చినప్పుడు రెండు మార్పులు జరిగాయి: వరుస మనమే మార్చుకునే వీలు వచ్చింది, బయటి యాప్‌లు కూడా తమ బటన్ పెట్టుకునే దారి తెరుచుకుంది. 2021లో 12తో బటన్లు పెద్దవయ్యాయి, వైఫై, మొబైల్ డేటా రెండూ కలిసి 'ఇంటర్నెట్' అనే ఒకే బటన్ అయ్యాయి. అంతకుముందు ఒక్క నొక్కుతో అయ్యే పనికి రెండు నొక్కులు. 13తో యాప్‌లే "మా బటన్ పైన పెట్టుకుంటారా" అని అడగడం మొదలైంది. పెద్దవాళ్లు దేనికైనా సరే అంటారు కదా, అలా కొత్తవి వచ్చి చేరతాయి. ఇక ప్రతి కంపెనీ తన పద్ధతిలో దీన్ని మార్చి ఇస్తుంది. అందుకే పక్కింటి వాళ్ల ఫోన్ చూసి నేర్చుకున్నది మన ఫోన్‌లో పనికిరాదు.

బందరు_భాస్కర్
నాని చెప్పింది నా విషయంలో నిజం. గత ఏడాది ఒక అప్‌డేట్ వచ్చింది, పొద్దున లేచి చూస్తే పైనుంచి లాగితే నోటిఫికేషన్లు మాత్రమే వస్తున్నాయి, బటన్లు మాయం! అరగంట వెతికాను. చివరికి కుడి మూల నుంచి లాగితే వచ్చాయి. ఇన్నేళ్లుగా చేతికి అలవాటైన పనిని చెప్పా పెట్టకుండా మార్చేస్తే ఎలా? నాకే ఇలా ఉంటే మా నాన్నగారి సంగతేంటి?

వరంగల్_వాసు
@బందరు_భాస్కర్ మీది ఏ ఫోనో చెప్పలేదు కాబట్టి తెలిసినది చెబుతాను. శాంసంగ్‌లో వన్ యూఐ 7 (వాళ్ల ఫోన్ సాఫ్ట్‌వేర్ వెర్షన్) నుంచి రెండు ప్యానెల్స్ విడిగా వస్తాయి. బటన్ల ప్యానెల్ తెరిచి, పెన్సిల్ నొక్కి, 'ప్యానెల్ సెట్టింగ్స్'లో 'టుగెదర్' పెడితే పాత పద్ధతికి వస్తుంది. షావోమీలో ఈ బటన్ల ప్యానెల్‌ని కంట్రోల్ సెంటర్ అంటారు, అదీ ఇలాగే విడిగా ఉంటుంది. కొన్ని మోడళ్లలో సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్లు, కంట్రోల్ సెంటర్ విభాగంలో పాత తీరు ఎంచుకోవచ్చు.

బందరు_భాస్కర్
టుగెదర్ పెట్టాను. వచ్చింది!! నాన్నగారి ఫోన్‌లో కూడా పెట్టేశాను. ధన్యవాదాలు వాసు గారూ.

స్పర్శ_శ్రీను
నాకు చూపు లేదు. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో వాడతాను. భాస్కర్ గారు అరగంట వెతికానన్నారు, అలాంటి అప్‌డేట్ వచ్చిన రోజు నాకు పూర్తిగా కొత్త ఫోన్ చేతికిచ్చినట్టే. నాకు బటన్ అంటే బొమ్మ కాదు, చోటు. ఎడమ నుంచి రెండోది బ్లూటూత్ అని వేలికి గుర్తు. అది మూడోది అయిందంటే నా హెడ్‌సెట్ కలవదు, ఇంకేదో ఆఫ్ అవుతుంది.

మీ అమ్మగారికి చూపున్నా, చీకట్లో టార్చి కోసం తడుముకుంటున్నప్పుడు ఆవిడా నాలాగే చోటుని బట్టి నొక్కుతారు. కరెంటు పోయినప్పుడు కళ్లద్దాలు ఎవరు వెతుక్కుంటారు? కాబట్టి ఏవి ఉంచాలన్నదానికంటే ఏది ఎక్కడ ఉంచాలన్నది ముందు చూడండి. టార్చిని అన్నిటికంటే మొదట పెట్టండి. దాని పక్కన తప్పు నొక్కినా నష్టం లేనిది పెట్టండి, ఆటో రొటేట్ లాంటిది. ఒకసారి పెట్టాక మళ్లీ సర్దొద్దు, మీకు ఇంకా బాగుంటుందనిపించినా సరే.

టాక్‌బ్యాక్ వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే: ఎడిట్‌లో వేలితో లాగే పని లేదు. బటన్ మీద రెండుసార్లు తడితే దాన్ని జరపడానికి, తీసేయడానికి వీలు వస్తుంది.

గోదారిగట్టు
@స్పర్శ_శ్రీను చీకట్లో తడుముకోవడం గురించి నేను ఆలోచించనే లేదు. టార్చి ఇప్పుడు రెండో వరుసలో ఉంది, దాని పక్కనే చంద్రవంక. చాలా థ్యాంక్స్ అన్నా.

డల్లాస్_దుర్గ
ఐఫోన్ వాళ్ల కోసం ఒక మాట. ఐఫోన్‌లో కూడా ఈ బటన్ల ప్యానెల్‌ని కంట్రోల్ సెంటర్ అనే అంటారు. అది 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది, మనకి కావాల్సినవి చేర్చుకునే వీలు 2017లో ఐఓఎస్ 11తో వచ్చింది. 2024లో ఐఓఎస్ 18 నుంచి బటన్ల సైజు, చోటు కూడా మార్చుకోవచ్చు. పైన ఎడమ మూల ప్లస్ గుర్తు నొక్కితే చాలు.

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ఒక తమాషా జరిగింది. రోజూ రాత్రి కంట్రోల్ సెంటర్‌లో వైఫై నొక్కి ఆపేసి పడుకునేవారు. పొద్దున లేచేసరికి మళ్లీ ఆన్. "రాత్రి మీరెవరో వచ్చి నా ఫోన్ ముట్టుకుంటున్నారు" అని నా కొడుకు మీద అనుమానం. అసలు సంగతేంటంటే, అక్కడ వైఫై నొక్కితే పూర్తిగా ఆగదు. కనెక్షన్ మాత్రం తెగుతుంది, తెల్లారి 5 గంటలకి మళ్లీ దానంతటదే కలుస్తుంది. నిజంగా ఆపాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపాలి. నాన్న నా కొడుక్కి చాక్లెట్ కొనిచ్చి రాజీ చేసుకున్నారు.

చిట్టిచీమ
హహ, ఆ చాక్లెట్ వాడి హక్కు.

మెహదీపట్నం_మాధవి
తాళం గురించి అడిగారు కదా, నేనూ దాని కోసమే వచ్చాను, కారణం వేరు. పోయినేడు బస్సులో నా ఫోన్ కొట్టేశారు. నిమిషంలో గమనించి పక్కావిడ ఫోన్ నుంచి కాల్ చేస్తే అప్పటికే కలవట్లేదు. స్క్రీన్ లాక్ ఉంది, ఎలా ఆపాడా అనుకున్నాను. లాక్ స్క్రీన్ మీదే పైనుంచి లాగి ఎయిర్‌ప్లేన్ నొక్కితే సరిపోతుందని తర్వాత తెలిసింది. అంతే, ఫోన్ ఎక్కడుందో చూసే దారి మూసుకుపోయింది.

ఇప్పుడు కొత్త ఫోన్‌లో ఆ దారి మూసేశాను. శాంసంగ్‌లో లాక్ స్క్రీన్ సెట్టింగ్స్‌లో, సెక్యూర్ లాక్ సెట్టింగ్స్ అన్నచోట 'లాక్ నెట్‌వర్క్ అండ్ సెక్యూరిటీ' ఉంటుంది. ఐఫోన్‌లో ఫేస్ ఐడీ, పాస్‌కోడ్ పేజీలో కిందికి వెళ్తే లాక్‌లో ఉన్నప్పుడు ఏవేవి తెరుచుకోవాలో లిస్టు ఉంటుంది, అందులో కంట్రోల్ సెంటర్ ఆపేయాలి. ఫోన్ పోయినవాళ్లు పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్ విభాగంలో ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు) బ్లాక్ చేయించండి. 2023 మే నుంచి దేశమంతా ఉంది. నాది నాలుగు నెలల తర్వాత దొరికింది.

రిపేరు_రాజు
మాధవి గారు చెప్పింది ప్రతి ఒక్కరూ చెయ్యాలి. పెట్టె మీద ఐఎంఈఐ నంబరు ఫొటో తీసి ఇంకొకరి వాట్సాప్‌కి పంపి ఉంచుకోండి. మీ ఫోన్‌లోనే దాచుకుంటే ఫోన్‌తోపాటే పోతుంది.

గోదారిగట్టు
ఇది అమ్మకీ పనికొస్తుందా? లాక్‌లో ఉన్నప్పుడు తెరుచుకోకపోతే పొరపాటున నొక్కడం కూడా తగ్గుతుంది కదా?

మెహదీపట్నం_మాధవి
తగ్గుతుంది, కానీ కొన్ని ఫోన్లలో ప్యానెల్ మొత్తం మూసుకుపోతుంది. అప్పుడు టార్చి కూడా లాక్ తీశాకే.

గోదారిగట్టు
అయితే వద్దు. చీకట్లో అమ్మ పిన్ నంబరు కొట్టుకుంటూ కూర్చోలేదు.

నల్లకుంట_నాని
ఇంకో బటన్ మర్చిపోయారు. ఆండ్రాయిడ్ 12 నుంచి కెమెరా యాక్సెస్, మైక్ యాక్సెస్ అని రెండు ఉన్నాయి. మైక్ ఆఫ్ అయితే వాట్సాప్ కాల్‌లో మన మాట అవతలివాళ్లకి వినిపించదు. మా బాబాయ్ వారం రోజులు "హలో హలో" అని అరిచి, హెడ్‌ఫోన్ కొత్తది కొన్నాడు. ఆ రెండూ కూడా తీసేయండి.

కడప_టీచరమ్మ
సరే, మైక్ విషయంలో నేను ఓడిపోయాను. అది తీసేయండి. కానీ చంద్రవంక తీసేయడం ఇప్పటికీ నాకు ఇష్టం లేదు. అమ్మగారు మధ్యాహ్నం పడుకున్నప్పుడు లోన్ కావాలా, ప్లాట్ కావాలా అని కాల్స్ వస్తాయి. అప్పుడు ఆవిడకి ఆ బటన్ అవసరమే. ఆవిడ ప్రశాంతంగా పడుకునే హక్కుని మన భయం కోసం తీసేస్తామా?

స్వప్న_నెల్లూరు
ఇద్దరి మాటా నిలబడే దారి ఒకటి ఉంది. తాళం కోసం వెతక్కండి, ఆండ్రాయిడ్ మామూలు సెట్టింగ్స్‌లో నాకెక్కడా కనిపించలేదు. దానికి బదులు ఆ బటన్ పొరపాటున పడినా నష్టం లేకుండా చెయ్యండి.

మొదటిది, అమ్మ కాంటాక్ట్స్‌లో మీ పేరు, పిన్ని పేరు, డాక్టరు పేరు తెరిచి నక్షత్రం గుర్తు పెట్టండి. డు నాట్ డిస్టర్బ్ సెట్టింగ్స్‌లో కాల్స్ అన్నచోట 'స్టార్డ్ కాంటాక్ట్స్'ని అనుమతించండి. ఇక చంద్రవంక ఆన్‌లో ఉన్నా మీ కాల్ మోగుతుంది, లోన్ వాళ్లది మోగదు.

రెండోది, అక్కడే 'రిపీట్ కాలర్స్' ఉందేమో చూడండి. ఒకే మనిషి 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగనిస్తుంది. మీరు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చేశారు కాబట్టి అది ఆన్‌లో ఉన్నా పనికొచ్చేది కాదు. ఈసారి ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యండి. ఐఫోన్‌లో అయితే ఇది మూడు నిమిషాలే.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఈ బటన్ నొక్కితే ఎంతసేపు ఆన్‌లో ఉండాలో మనమే పెట్టొచ్చు. మామూలుగా 'ఆఫ్ చేసేదాకా' అని ఉంటుంది. దాన్ని ఒక గంటకి మార్చండి. పొరపాటున పడినా గంటకి దానంతటదే పోతుంది. మధ్యాహ్నం నిద్రకీ ఆ గంట చాలు.

కడప_టీచరమ్మ
స్వప్నా, ఇది నాకూ తెలియదు. అత్తగారి ఫోన్‌లో ఇప్పుడే మార్చాను.

టెక్కలి_కుర్రాడు
ఎయిర్‌ప్లేన్‌కి కూడా ఇలా గంట పెట్టొచ్చా అక్కా?

స్వప్న_నెల్లూరు
నాకు తెలిసినంతలో లేదు. దాన్ని మాత్రం వెనక్కి తోసేయడమే. మీ అమ్మగారికి కావాలంటే రెండో పేజీలో, టార్చికి దూరంగా పెట్టండి.

గోదారిగట్టు
నిన్న రాత్రి కూర్చుని చేశాం. పిన్ని కూతురు వాళ్లింటి వైఫై ఇచ్చి, ఫోన్ పట్టుకుంది. వాట్సాప్‌లో స్క్రీన్ షేర్ పెట్టి నేను చెబుతుంటే అమ్మే స్వయంగా లాగి సర్దింది. నేను ముందు ఆరు ఉంచుదామనుకున్నాను. "నీకేం కావాలమ్మా" అని అడిగితే టార్చి, వెలుతురు, ఇంటర్నెట్ చాలంది. కాసేపాగి ఆటో రొటేట్ కూడా అడిగింది, రాత్రిళ్లు పడుకుని హరికథలు చూస్తుందట, బొమ్మ అడ్డం తిరిగితే చిరాకట. ఆ సంగతి నాకు ఇన్నాళ్లు తెలియదు.

ఎయిర్‌ప్లేన్, మైక్, కెమెరా, బ్యాటరీ సేవర్ తీసేశాం. చంద్రవంక తీసేద్దామా అంటే, "ఉండనీరా, ఆ ప్లాట్ల వాడు పడుకోనివ్వడు" అంది. టీచరమ్మ గారి మాటే నిజమైంది. చివర్లో పెట్టి గంటకి మార్చాం. నాకు, పిన్నికి, డాక్టరుగారికి నక్షత్రం పెట్టాం. భాష కూడా తెలుగులోకి మార్చాం.

అంతా అయ్యాక అమ్మ తనే చంద్రవంక నొక్కి "ఇప్పుడు చెయ్యి" అంది. చేశాను. మోగింది. మళ్లీ చెయ్యమంది. మళ్లీ మోగింది. మూడోసారి కూడా చేయించుకుంది.

చిట్టిచీమ
మూడోసారి కూడా :) ఇవాళ మా నాన్నమ్మకి చేస్తున్నాను.

బందరు_భాస్కర్
స్వప్న గారూ, ఆ గంట ఆప్షన్ ఎక్కడుంది? డు నాట్ డిస్టర్బ్ నొక్కితే ఆన్, ఆఫ్ తప్ప ఏమీ రావట్లేదు.

స్వప్న_నెల్లూరు
నొక్కి వదిలేయకండి, నొక్కి పట్టుకోండి. దాని సెట్టింగ్స్ పేజీ తెరుచుకుంటుంది. చాలా బటన్లని అలా పట్టుకుంటే వాటి పేజీకే వెళ్తుంది. అక్కడ కిందికి జరిగితే వ్యవధి గురించి ఒక లైను కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో "ప్రతిసారీ అడుగు" అని కూడా ఉంటుంది, అది మీకు బాగుంటుంది గానీ నాన్నగారికి గంటే పెట్టండి.

బందరు_భాస్కర్
దొరికింది. నాన్నగారిది పెట్టేశాను, అమ్మది రేపు.